చేతికివ్వని ఇనుము

మంచు గొడ్డలి కొరియర్‌లో మా ఇంటికి వచ్చిన రోజు, దాన్ని భోజనాల బల్ల మీద పెట్టుకుని, ఏ వైపు పట్టుకోవాలో తెలియక చాలాసేపు అలాగే కూర్చున్నాను. తలకి ఒక పక్క కొంగ ముక్కులా వంగిన పొడుగాటి మొన, దాని కింది అంచున పళ్ళు. రెండో పక్క చిన్న పారలాంటి రేకు. మధ్యలో నున్నటి అల్యూమినియం కాడ. కాడ అడుగున మేకులాంటి మరో మొన. ఎటు పట్టుకున్నా ఎవరో ఒకరికి గుచ్చుకునేట్టే ఉంది.

"ఇంతేనా? తాడూ బొంగరం ఏమీ లేవా దీనికి?" అని మా ఆయన అట్టపెట్టెని తిరగేసి దులిపారు. ఒక కాగితం ముక్క రాలింది. అంతే.

తప్పు నాదే. ఉన్నవాటిలో చవకదీ, మొదటిసారి వెళ్ళేవాళ్ళకి సరిపోయేదీ అని చూసి కొన్నాను. మా బృందాన్ని కొండకి తీసుకెళ్ళే ఆవిడ ఫోన్‌లో పంపిన కబురు తర్వాత చదువుకున్నాను. గొడ్డలికి మణికట్టు తాడు ఉండాలి, మొనలన్నిటికీ తొడుగులు ఉండాలి, కాడకి చెయ్యి జారని పట్టు ఉండాలి. తొడుగులు లేని గొడ్డలిని బస్సులోకి రానివ్వను అని కూడా రాసింది. ఈ తొడుగులు ఎక్కడ దొరుకుతాయని ఏలూరులో ఎవరిని అడగను? గొడ్డలినే ఎవరూ చూడలేదు.

నేను వట్లూరులో ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. నలభై దాటాయి. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా రైల్లో కూర్చుంటే కిటికీలోంచి కనిపించే అతి ఎత్తైన వస్తువు వాటర్ ట్యాంకు. అలాంటి చోట పుట్టి పెరిగి, మంచు కొండ ఎందుకు ఎక్కాలనిపించిందంటే సమాధానం నాకూ తెలియదు. ఎవరో పంపిన ఫోటోలో తెల్లటి వాలు మీద ఒకే ఒక్క వరస అడుగుల జాడ కనిపించింది. ఆ జాడ వెంట నేనూ నడవాలనిపించింది. ఇది చెబితే ఎవరైనా నవ్వుతారని చెప్పడం మానేశాను. ఆదివారాలు కామవరపుకోట వైపు మెట్ట దారుల్లో, వీపున బియ్యం బస్తా పెట్టిన సంచీతో ఎగువకీ దిగువకీ నడుస్తుంటే, ఒకావిడ ఆపి, "ఏం మొక్కుకున్నారండీ?" అని జాలిగా అడిగింది. అవునండీ, మొక్కే అనేశాను. అదే తేలిక.

కాలేజీ సెలవిచ్చింది. మా ఆయన "నీ ఇష్టం" అన్నారు. మిగిలింది మా మావయ్యగారు. ఆయన వద్దంటే ఆగిపోతానని కాదు. కాని ఆయన నోటి నుంచి "వెళ్ళిరా" అన్న ఒక్క మాట వినకుండా గడప దాటాలంటే నాకు మనసొప్పలేదు. మా అత్తగారు పోయాక ఆయన మాతోనే ఉంటున్నారు. తాడేపల్లిగూడెం దగ్గర పొలం కౌలుకిచ్చేసినా రోజు విడిచి రోజు చేతికర్రతో బస్సెక్కి వెళ్ళి గట్టు మీద నిలబడి చూసి వస్తారు. నేను ఈ కొండ సంగతి చెప్పిన రోజున ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకుని, "చూద్దాంలే అమ్మా," అన్నారు. అంతకు మించి ఒక్క మాట లేదు. మౌనం అర్ధాంగీకారం అంటారు. మరి మిగతా సగం ఎవరినడగాలి?

మా వైపు మనుషులతో వచ్చిన చిక్కే ఇది. అందరం మెత్తగా మాట్లాడతాం. మాట మాటకీ అండీ తగిలిస్తాం. మా మనసులో ఏముందో మాత్రం దేవుడికి కూడా తెలియనివ్వం. పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ నాకూ మావయ్యగారికీ ఒక్క మాట తేడా రాలేదు. ఊళ్ళో అందరూ మెచ్చుకునేవారు. నాకు మాత్రం అప్పుడప్పుడూ, ఈయనకి నేనంటే ఇష్టమో, ఉత్త మర్యాదో తెలిసేది కాదు.

ఆ తేడా రాకపోవడానికి మావయ్యగారు చెప్పే కారణం వేరు. వాళ్ళింట్లో ఇనుము చేతి నుంచి చేతికి ఇవ్వరు. ఉప్పు చేతికివ్వకూడదని మా పుట్టింట్లోనూ ఉంది కాని, వీళ్ళకి కొడవలి, కత్తి, గునపం, ఆఖరికి కూరగాయల చాకు కూడా అంతే. ఇచ్చేవాళ్ళు కింద పెట్టాలి, పుచ్చుకునేవాళ్ళు వంగి తీసుకోవాలి. చేతికిస్తే ఆ ఇద్దరికీ పోట్లాట వస్తుందట. కాపురానికి వచ్చిన కొత్తలో నేను చాకు చాపితే ఆయన రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకుని, "కింద పెట్టమ్మా," అన్నారు. అప్పటి నుంచీ మా ఇంట్లో ఇనుమంతా నేల మీదుగానే ప్రయాణం చేస్తుంది.

గొడ్డలినీ అలాగే కింద పెట్టి చూపించాను. ఆయన వంగి తీసి, అటూ ఇటూ తిప్పి, బరువు చూసి, "పికాసులా ఉంది. కాడ ఇనుముది కాదు, చెక్కదీ కాదు. దీంతో ఏం తవ్వుతావమ్మా?" అన్నారు.

"తవ్వడానికి కాదండీ. మంచులో గుచ్చుకుని నడవడానికి."

"చేతికర్రా?"

"కొంచెం అలాంటిదేనండీ. జారితే దీన్ని మంచులోకి దిగేసి ఆగుతారు."

"జారుతావా?" అన్నారు. ఆయన దాన్ని మళ్ళీ కింద పెట్టేశారు.

మర్నాడు కాలేజీ నుంచి వచ్చేసరికి గొడ్డలి మెడకి పసుపూ కుంకుమా ఉన్నాయి, కాడంతా ఆముదం కారుతోంది. కొత్త పనిముట్టు ఇంటికొస్తే కాడకి ఆముదం పట్టించడం ఆయనకి అలవాటు. చెక్క కాడైతే తాగి గట్టిపడుతుంది. ఈ అల్యూమినియం ఏం తాగుతుంది? పట్టుకుంటే చేపపిల్లలా జారిపోయింది. చెయ్యి జారకుండా పట్టు కావాలని కొండకి తీసుకెళ్ళే ఆవిడ రాస్తే, నేను జారుడు తయారుచేసుకున్నాను. సబ్బు పెట్టి మూడుసార్లు కడిగినా వాసన పోలేదు. అది దీవెనో, దారి తప్పిన అలవాటో అర్థం కాలేదు. అడగడానికి మొహమాటం.

ఇక తొడుగుల వేటలో పడ్డాను. సైకిల్ షాపులో పాత ట్యూబు ముక్కలు తెచ్చి మొనలకి కట్టాను. పళ్ళు వాటిని పొడుచుకుని బయటికి వచ్చేశాయి. బ్యాడ్మింటన్ బ్యాటుకి చుట్టే టేపు తెచ్చి కాడ పొడుగునా చుట్టాను. తర్వాత ఆవిడ ఫోన్ చేసి, "కింద అంత లావుగా చుడితే మంచులో దిగదండీ, పైన జానెడు చాలు," అంది. సగం విప్పాను. ఇక మణికట్టు తాడు దగ్గర అసలు తికమక మొదలైంది. ఫోన్‌లో ఒక వీడియో, తాడు లేకపోతే గొడ్డలి చేయి జారి లోయలో పడుతుంది, తర్వాత మీరూ పడతారు అంటుంది. ఇంకో వీడియో, తాడు ఉంటే మీరు పడినప్పుడు గొడ్డలి మీతోపాటు ఎగిరెగిరి మిమ్మల్నే పొడుస్తుంది అంటుంది. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం.

ఒక ఆదివారం మా ఆయన నన్ను బండి మీద కొల్లేరు వైపు తీసుకెళ్ళారు. అక్కడి వలల కొట్లో గట్టి నైలాన్ తాడు దొరుకుతుందని. కొట్టాయన బారలు కొలుస్తూ, "ఏ చేపకండీ?" అన్నాడు. మా ఆయన గంభీరంగా, "మనిషికండీ," అన్నారు. కొట్టాయన తాడు కొలవడం ఆపేశాడు. నేను అడ్డుపడి గొడ్డలీ మంచూ వివరించేసరికి ఇంకా భయపడ్డాడు. బయట కాలవలో ఒకతను విసురు వల వేస్తున్నాడు. వల తాడు అతని మణికట్టుకి ఉచ్చులా తగిలించి ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది. దగ్గరికెళ్ళి, తాడు కట్టుకుంటే ప్రమాదం కాదా అని అడిగాను. "కట్టుకోకపోతే వల పోద్దండీ," అన్నాడతను. ఒడ్డున కూర్చున్న పెద్దాయన వెంటనే, "లోతులో కట్టుకుంటే నువ్వే పోతావురా," అన్నాడు. ఇద్దరూ వాదనలో పడ్డారు. మేము తాడు కొనుక్కుని వచ్చేశాం. కొల్లేట్లో కూడా రెండు వీడియోలే.

తాడు కట్టాను, విప్పాను, మళ్ళీ కట్టాను. మావయ్యగారు వీధి వసారాలో వాలుకుర్చీలోంచి ఇదంతా చూస్తూనే ఉన్నారు. ఒకసారి మాత్రం, "ఆ పళ్ళు మొద్దుగా ఉన్నాయమ్మా. కక్కు కొట్టించాలి," అన్నారు. కొడవలి పళ్ళకి పదును పెట్టించడాన్ని మా వైపు అలా అంటారు. నేను అలాగేనండీ అన్నాను. వట్టినే అన్నాను.

ప్రయాణం ఇక వారం కూడా లేదనగా, ఒక సెలవు రోజు ఉదయం చూస్తే గొడ్డలి మూలన లేదు. "నాన్న పొద్దున్నే బస్సుకి వెళ్ళారు. చంకలో తువ్వాలు చుట్టిందేదో ఉంది," అన్నారు మా ఆయన, కాఫీ తాగుతూ. కక్కు కొట్టించడానికే అని నాకు తెలిసిపోయింది. పెట్టెలో వచ్చిన కాగితం ముక్కలో అలా చెయ్యొద్దనే రాసి ఉంది. ఆకురాయితో చేత్తో మాత్రమే పదును పెట్టాలి, వేడి తగిలితే ఉక్కు గట్టితనం పోతుంది. కెమిస్ట్రీ చెప్పేదాన్ని, ఆ కాగితం లేకపోయినా నాకు తెలియాలి. ఆయన ఫోన్ ఎత్తలేదు. దొరికిన బస్సెక్కాను.

తాడేపల్లిగూడెం దాటాక మా పొలానికి వెళ్ళే దారిలోనే కమ్మరి కొలిమి. నేను వెళ్ళేసరికి మావయ్యగారు స్టూలు మీద కూర్చుని ఉన్నారు. బొగ్గులు ఎర్రగా ఉన్నాయి. కమ్మరి గొడ్డలి తలని పట్టకారుతో పట్టుకుని నిప్పుల వైపు వంచుతున్నాడు.

"ఆపండీ! కాల్చకండి!" అని అరిచాను.

"ఆయ్, నాదేం లేదండీ. పెద్దాయనగారే కక్కు కొట్టమన్నారండీ," అని అతను పట్టకారు వెనక్కి తీశాడు.

అక్కడితో ఆగాల్సింది. ఆగలేదు. నాలుగు నెలల నుంచి లోపల ఉడుకుతున్నదంతా ఒక్కసారి పొంగింది. "మీకిష్టం లేకపోతే వద్దని ఒక్క మాట చెప్పండి మావయ్యగారూ! ఇలా దాన్ని పాడుచెయ్యడం ఎందుకండీ?" అన్నాను, నలుగురి ముందూ. అంత కోపంలోనూ అండీ మాత్రం మానలేదు.

ఆయన స్టూలు మీంచి లేచారు. కమ్మరి నేల మీద పెట్టిన గొడ్డలిని తీసి, తువ్వాల్లో చుట్టి, నా ముందు నేల మీద పెట్టారు. నేను వంగి తీసుకున్నాను. తిరుగు బస్సులో ఆయన ముందు సీట్లో, నేను వెనక సీట్లో. నా టిక్కెట్టు కూడా ఆయనే తీశారు. ఆ టిక్కెట్టుని ఎలా అర్థం చేసుకోవాలో నాకు తెలియలేదు.

మర్నాటి నుంచి గొడ్డలి ఆయన గదిలో ఉంది. ఎప్పుడు తీసుకెళ్ళారో చూడలేదు. అడిగే ముఖం నాకు లేదు. కొండకి తీసుకెళ్ళే ఆవిడకి ఫోన్ చేస్తే, అక్కడ అద్దెకి దొరుకుతాయండీ, కంగారు పడకండి అంది. కాబట్టి గొడ్డలి లేదని ప్రయాణం ఆగదు. ఆగినట్టున్నది నేనే. ఆయన నాతో మామూలుగానే మాట్లాడారు. పప్పులో ఉప్పు చాలిందన్నారు. వాన పడేలా ఉందన్నారు. కొలిమి మాట ఎత్తలేదు. కొత్తగా వచ్చిందల్లా ఆయన చేతికర్ర చప్పుడు. ఇన్నేళ్ళూ మెత్తగా నడిచే మనిషి, ఆ రోజుల్లో గచ్చు మీద టకటకా కొడుతూ తిరిగారు. హాల్లో, వసారాలో, వంటింటి గుమ్మం దగ్గర టకటక. నా మీద కోపం అలా నేలకి చెబుతున్నారనుకున్నాను. సామాను సర్దుకుంటూ ఆ చప్పుడు విని రెండుసార్లు ఏడ్చాను కూడా.

ప్రయాణం రోజు మధ్యాహ్నం ఏలూరు స్టేషన్‌కి నేను ఆటోలో, సామానుతో ముందు వెళ్ళాను. మా ఆయన వెనకాల బండి మీద వచ్చారు. వెనక సీటు మీద మావయ్యగారు. ఆయన చంకలో తువ్వాలు మూట.

ప్లాట్‌ఫారం బెంచీ మీద ఆయన మూట విప్పారు. నా సైకిల్ ట్యూబులు లేవు. పళ్ళున్న మొనకి పురుగుమందు కొట్టే పంపు తాలూకు గొట్టం ముక్క, నిలువునా చీల్చి తొడిగి, తీగతో కుట్టి ఉంది. పార రేకుకి పాత తోలు చెప్పు అట్టని వంచి కుట్టిన జేబు. కాడకి నా టేపే, కాని ముడతల్లేకుండా తిరిగి చుట్టింది. నైలాన్ తాడు చివర ముడి మారింది. అది దూడ మెడకి వేసే ముడి. ఎంత లాగినా బిగుసుకోదు, ఒక్క చేత్తో వదులు చేసుకోవచ్చు. కాడ అడుగున మేకుకి నల్లటి రబ్బరు బుడిపె. అది ఎక్కడో చూసినట్టుంది. అప్పుడు ఆయన చేతికర్ర వైపు చూశాను. దాని అడుగున రబ్బరు లేదు. వట్టి చెక్క.

టకటక ఏమిటో అప్పుడు తెలిసింది.

రైలు వస్తోందని మైకులో చెప్పారు. ఆయన గొడ్డలి తీశారు. కింద పెడతారు కదా అని నేను అలవాటుగా వంగాను. ఆయన పెట్టలేదు. చేయి చాపి నిలబడ్డారు.

"పట్టుకోమ్మా."

"ఇనుమండీ," అన్నాను.

"తెలుసు. అక్కడ కింద పెడితే జారి పోతుందంట కదా. వీడి ఫోన్లో చూశాను. చేతిలోంచి చేతిలోకే ఇవ్వాలంట."

"పోట్లాట వస్తుందంటారు కదండీ."

"రానీ," అన్నారాయన. "ఆ రోజు కొలిమి దగ్గర నువ్వో మాట అడిగావు. నేనింకా జవాబు చెప్పలేదు. దాని మీద మనం పోట్లాడుకోవాలి. తిరిగొచ్చెయ్, పోట్లాడుకుందాం."

నేను తీసుకున్నాను. ఆ ఇంటికి వచ్చాక ఆయన చేతి నుంచి నేను పుచ్చుకున్న మొదటి ఇనుము అది. "వెళ్ళిరా" అన్న మాట మాత్రం ఆయన అనలేదు. రైలు గుడివాడ లైను చీలే చోటు దాటి ఎంత దూరం పోయినా, అన్నట్టో కాదో తేల్చుకోలేకపోయాను.

పైదాకా ఎక్కారా అని అందరూ అడుగుతారు. లేదు. శిఖరం ఇంకాస్త ఉందనగా మబ్బు కమ్మింది, మమ్మల్ని తీసుకెళ్ళిన ఆవిడ వెనక్కి తిప్పేసింది. ఎక్కడానికి ముందు ఆవిడ అందరి గొడ్డళ్ళూ పరీక్షించింది. నాది ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇదేం వాసనండీ?" అంది. ఆముదమన్నాను. ముడిని లాగి, వదిలి, మళ్ళీ లాగి, తాడు బాగుంది ఉంచుకోండి అంది. వాలు మీద ఒకమ్మాయి బూటు తాడు కట్టుకోవడానికి గొడ్డలిని మంచు మీద పక్కన పెట్టింది. అది నెమ్మదిగా కదిలి, తర్వాత వేగం అందుకుని, మేమంతా చూస్తుండగానే కిందికి వెళ్ళిపోయింది. నేను నా మణికట్టు మీది దూడ ముడిని చూసుకున్నాను. అంత చలిలో నాకు వసారాలోని వాలుకుర్చీ గుర్తొచ్చింది.

తిరిగి వచ్చిన రోజు ఆయన ఆ కుర్చీలోనే ఉన్నారు. బూట్లు కూడా విప్పకుండా ఎదురుగా నిలబడి, గొడ్డలిని చేతికే చాపాను. ఆయన చేతితోనే అందుకున్నారు.

"ఇప్పుడు చెప్పండి," అన్నాను.

ఆయన గొట్టం ముక్క కుట్టు ఊడిందేమో చూస్తూ, "కాలిస్తే పాడైపోతుందని నాకు తెలుసమ్మా," అన్నారు.

"అంటే నేనన్నది నిజమేనా?"

"నిజమే. నాకిష్టం లేదు. నిన్ను వద్దనడానికి నోరు రాలేదు. ఇనుమునైతే ఆపొచ్చనుకున్నాను."

"మరి ఇదంతా ఎందుకు కట్టారండీ? ఆ రబ్బరూ, ఆ చెప్పూ?"

"నువ్వు అంత దూరం బస్సెక్కి వచ్చి అరిచావు. ఇంక ఆగవని తెలిసిపోయింది. ఆగని మనిషిని ఉత్త చేతులతో పంపిస్తానా?"

అప్పుడు పోట్లాడుకున్నాం. నిజంగా పోట్లాడుకున్నాం. చెప్పొచ్చు కదండీ అని నేను, చెబితే మాత్రం వింటావా అని ఆయన. మా ఆయన టీవీ శబ్దం పెంచి, ఆ తర్వాత ఏదో పనున్నట్టు వీధిలోకి వెళ్ళిపోయారు. నాకు కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది, ఈ మనిషికి నేనంటే ఉత్త మర్యాద కాదని తెలిసి సంతోషం కూడా వచ్చింది. ఏది ముందు వచ్చిందో చెప్పలేను.

అరుపులు అయ్యాక ఆయన గొడ్డలి అడుగు నుంచి రబ్బరు బుడిపె లాగి, తన కర్రకి తొడుక్కోబోయారు. మధ్యలో ఆగి నా వైపు చూశారు.

"మళ్ళీ వెళ్తావా?"

"తెలియదండీ," అన్నాను. నిజంగానే తెలియదు.

ఆయన కర్రనీ గొడ్డలినీ మార్చి మార్చి చూశారు. బుడిపెని తీసుకెళ్ళి మళ్ళీ గొడ్డలికే తొడిగారు. "అయితే దీనికే ఉండనీ," అని లేచి, టకటకా లోపలికి వెళ్ళిపోయారు. గచ్చు మీద జారతారండీ, కొత్త రబ్బరు తెస్తానని ఇప్పటికీ చెబుతూనే ఉన్నాను. చూద్దాంలే అమ్మా, అంటున్నారు.